అరచేతిలోని దూత

కుండినపురమునుండి ద్వారకకు పయనమైన అగ్నిద్యోతనుడను విప్రుడు తనతో కొనిపోయినది ధనము కాదు, సైన్యము కాదు. ఒక కన్యక హృదయమునందలి మాట మాత్రమే. వివాహముహూర్తము సమీపించుచున్నది. శిశుపాలుడు పెండ్లికుమారుడై తరలివచ్చుచున్నాడు. ఆ మాట దారిలో మారిపోయినను, ఆలస్యమైనను, అపాత్రుని చెవిని పడినను రుక్మిణీకల్యాణమే లేదు. ఆ బ్రాహ్మణుడు ద్వారకను చేరి, రుక్మిణి చెప్పినది చెప్పినట్లు స్వామికి నివేదించెను. స్వామి విని కదలెను. ఒక్క దూత సత్యసంధత వలన ఒక కన్యక జీవితము నిలిచినది.

మన పురాణేతిహాసములయందు దూతకు ఇంత స్థానమున్నది. సీతారాములను మరల కలిపినది హనుమంతుని దౌత్యము. పాండవులకొరకు హస్తినకు దూతగా నడచినవాడు సాక్షాత్తు శ్రీకృష్ణపరమాత్మ. ఆ పాండవదూతను కంచిలోని తిరుప్పాడగమునందు దివ్యమంగళమూర్తిగా నేటికిని భక్తులు సేవించుచున్నారు. లోకములనేలు స్వామి ఒకరి మాటను మరియొకరికి చేరవేయు పనిని చిన్నతనముగా ఎంచలేదు.

నేడు ఆ పనిని ఒక చిన్న యంత్రము చేయుచున్నది. అది ప్రతి గృహమునందును, ప్రతివాని అరచేతియందును ఉన్నది. సెల్‌ఫోను అనబడు ఈ దూతకు అలసట లేదు, దూరము లేదు, రాత్రింబవళ్లు లేవు. కాని అగ్నిద్యోతనునకు ఉన్నదొకటి దీనికి లేదు. తాను మోయుచున్న మాట సత్యమా అసత్యమా, హితమా అహితమా యను వివేకమే అది. ఆ వివేకము యంత్రమును చేతబట్టినవానికి ఉండవలెను. ఈ విషయమును నెల్లూరు తీరము ఇటీవలి కాలమున తన అనుభవముతో లోకమునకు చూపినది.

పెన్నాతీరమున రాయబారములు

నెల్లూరు తల్పగిరి రంగనాథస్వామివారి ఆలయమునానుకొని పెన్న ప్రవహించుచున్నది. పదమూడవ శతాబ్దమున మనుమసిద్ధి ఆస్థానమునందు ఈ నెల్లూరుననే తిక్కన సోమయాజి వెలసి, విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వముల మహాభారతమును తెనిగించి హరిహరనాథునకు అంకితమొనర్చెను. అందలి ఉద్యోగపర్వమును దౌత్యశాస్త్రమని చెప్పినను తప్పులేదు. ద్రుపదుని పురోహితుడు, సంజయుడు, శ్రీకృష్ణుడు, ఉలూకుడు అను నలుగురు దూతలు అందు కనిపింతురు.

ఆ నలుగురిలో సంజయుడును ఉలూకుడును ఈ కాలమువారు ప్రత్యేకముగా తెలిసికొనదగినవారు. సంజయుడు ధృతరాష్ట్రుని మాటను పాండవులకు చేర్చెను. తిరిగివచ్చి పాండవుల మాటను దాచక, ప్రభువునకు అప్రియమైనను, నిండుసభలో వినిపించెను. ఉలూకుడు చేసిన పని వేరు. యుద్ధము నిశ్చయమైన పిమ్మట దుర్యోధనుడు పంపగా పోయి, పాండవులలో ఒక్కొక్కరిని దూషించు పరుషవాక్యములను ఒప్పగించి వచ్చినాడు. ఆ దౌత్యమువలన తెలియవలసిన విషయమేమియు లేదు; సంధికి తోవ లేదు. పుండుపై కారము చల్లుటయే దాని ప్రయోజనము.

నేడు అరచేతి తెరపై దొరలు మాటలలో సంజయుని మాటలెన్ని, ఉలూకుని మాటలెన్ని యని ఎవరికివారు లెక్కించుకొనవచ్చును. ఒకరు ఒకరిని నిందించిన మాట పది నిమిషములలో పదివేలమందికి చేరుచున్నది. ఎదుట నిలిచి ముఖము చూచి పలుకలేని మాటను ముఖము కనపడని చోట మనుష్యుడు సులభముగా పలుకుచున్నాడు. ఎదుటివాని కంటిలో నీరు కనబడినచో నాలుక వెనుకాడును. తెరకు కన్నులు లేవు.

మేఘసందేశమునుండి ఉపగ్రహమువరకు

అట్లని ఈ నూతన సాధనములను నిందించుట న్యాయము కాదు. వానివలన నెల్లూరు తీరమునకు కలిగిన మేలు చిన్నది కాదు.

సముద్రముపై బ్రదుకు జాలరికి వార్తయే ప్రాణము. పూర్వము తుపాను వచ్చునని తెలియుటకు ఆకాశపు రంగు, గాలి పోకడ, అలల ధ్వని మాత్రమే ఆధారములు. పిదప కృష్ణపట్టణము వంటి రేవులలో ప్రమాదసూచికల నెగురవేయు పద్ధతి వచ్చినది. తంతి వచ్చినది, రేడియో వచ్చినది. ఐనను నడిసముద్రమునందున్న పడవకు ఆ సూచిక కనబడదు. ఒడ్డుననున్న భార్యాబిడ్డలు దీపము వెలిగించి దైవమును ప్రార్థించుటకంటె చేయగలిగినది లేకుండెను.

ఈ తీరపు దక్షిణపు కొననే, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట యున్నది. అచ్చటినుండి 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు ఎగసెను. 1980 జూలై 18న మనదేశపు వాహనము రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది కూడ అచ్చటినుండియే. అంతకుముందు 1975 ఆగస్టునుండి ఒక సంవత్సరముపాటు అమెరికా ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారమైనవి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పెట్టె ముందు ఊరంతయు కూర్చుండి చూచిన దినములవి.

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము సుమత్రా ద్వీపము చెంత సముద్రగర్భమున భూకంపము కలిగినది. అచ్చట పుట్టిన సునామీ అలలు నెల్లూరు తీరమును తాకుటకు రెండు గంటలకు పైగా పట్టినది. అనగా రెండు గంటల వ్యవధి ఉన్నది. చెప్పెడి దూత మాత్రము లేడు. ఆదివారపు ఉదయమున వలలు బాగుచేసికొనుచున్న పల్లెలపై సముద్రము విరుచుకుపడెను. ఆ దుఃఖమునుండియే 2007వ సంవత్సరమున హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రమునందు సునామీ హెచ్చరికల కేంద్రము వెలసినది. భూకంపము కలిగిన కొలది నిమిషములలోనే తీరమునకు హెచ్చరిక పంపు ఏర్పాటు నేడు ఉన్నది.

ఆ సంస్థయే చేపలు దొరకు తావులను కూడ జాలరులకు తెలుపుచున్నది. ఉపగ్రహములు సముద్రోపరితలపు వేడిమిని, నీటిలోని పచ్చదనమును కొలుచును. చల్లని నీరును వెచ్చని నీరును కలియుచోట నాచు పెరుగును. నాచున్నచోట చిన్నచేపలు, వాని వెంట పెద్దచేపలు చేరును. ఆ వార్త తీరపు పల్లెలలోని సెల్‌ఫోనులకు చేరుచున్నది. వేటకు పోవలదను తుపాను హెచ్చరికయు అట్లే చేరుచున్నది.

శ్రీ గోదాదేవి నాచ్చియార్ తిరుమొళియందు వేంకటాద్రిపై సంచరించు మేఘములను స్వామికడకు దూతలుగా పంపినది. నమ్మాళ్వారు తిరువాయ్‌మొళియందు పక్షులను దూతలుగా వేడికొనెను. దూరముననున్న ప్రియమైనవానికి మాట చేర్చవలెనను ఆర్తి మానవహృదయమున నిత్యమైనది. నాడు మేఘము భక్తుని మాటను మోసినది. నేడు మేఘముల జాడను ఉపగ్రహము జాలరికి తెచ్చుచున్నది. మైపాడు తీరముననున్న తల్లి, కువైటులో కష్టించుచున్న కుమారుని ముఖమును తెరపై చూచి “తిన్నావా నాయనా” యని అడుగుచున్నదన్న, ఆ యంత్రమును తప్పుపట్టుటకు మనసొప్పదు. పూర్వము ఆ ప్రశ్న ఉత్తరములో వ్రాయించి పంపినచో సమాధానము వచ్చుసరికి మాసము గడచెడిది. తంతి వచ్చినదన్న ఇల్లంతయు ఉలికిపడెడిది. ఆ తంతి సేవయు 2013 జూలైతో మనదేశమున ముగిసిపోయినది.

తలుపులు మూసిన వేళ

2020 మార్చిలో కరోనా మహమ్మారి వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి రోగి నెల్లూరుననే బయటపడినాడు. అదే మాసము 20వ తేదీన తిరుమలలో భక్తులకు దర్శనము నిలిపివేయబడినది. స్వామివారి నిత్యకైంకర్యములు మాత్రము ఏకాంతముగా యథావిధి సాగినవి. జూన్‌వరకు సామాన్యభక్తులకు కొండపై దర్శనము లేదు. ఆ సంవత్సరము బ్రహ్మోత్సవములు సైతము ఆలయములోపలనే ఏకాంతముగా జరిగినవి.

ఆ దినములలో 2008లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ లక్షలాది గృహములకు ఆలయద్వారమైనది. ఆగస్టులో ఆన్‌లైన్ కల్యాణోత్సవసేవ మొదలైనది. దంపతులు తమ ఇంటనే పట్టువస్త్రములు ధరించి, తెర యెదుట కూర్చుండి, అర్చకస్వాములు చెప్పినట్లు తమ గోత్రనామములను చెప్పుకొని సంకల్పము చేసికొనిరి. కదలలేని వృద్ధులు, దేశాంతరముననున్నవారు కన్నీటితో స్వామి కల్యాణమును వీక్షించిరి.

ఇచట భక్తులకొక సందేహము కలుగుట సహజము. తెరపై కనబడు మూర్తిని చూచుట దర్శనమగునా? శ్రీవైష్ణవసంప్రదాయమున అర్చావతారమునకు విశేషస్థానమున్నది. పరమపదముననున్న స్వామి భక్తసులభుడై ఒక స్థలమున, ఒక మూర్తిలో నిలిచి, అర్చకపరాధీనుడై, మనము చెంతకు పోవుటకై వేచియుండుటయే అర్చావతార సౌలభ్యము. ఆ సన్నిధియందలి తీర్థము, తులసి, శఠారి స్పర్శ తెరలోనుండి రావు. క్యూలో ప్రక్కన నిలిచిన ముక్కుమొగమెరుగని యాత్రికునితో కలిసి “గోవిందా” యని పలుకుటయు రాదు. కావున తెరపైని దర్శనమును స్మరణకు సాధనముగా గ్రహించుట యుక్తము. గోడమీది స్వామి పటము మనసును కొండకు మరల్చునట్లే తెరపైని చిత్రమును మరల్చును. పోలేనివానికి అది మహోపకారము. పోగలిగియు దానితో సరిపెట్టుకొనువాడు అన్నము వాసన చూచి తృప్తిపడినవానివంటివాడు.

మనుష్యుల నడుమనుండు సంబంధములకును ఇదియే వర్తించును. దూరదేశముననున్న బిడ్డకు తెర వరము. ప్రక్కగదిలోనున్న తల్లికి తెరద్వారా శుభోదయమును పంపు కుమారుడు మాత్రము ఏమో పోగొట్టుకొనుచున్నాడు.

కృష్ణపట్టణపు పాఠము

మహమ్మారి రెండవ విజృంభణ 2021 వేసవిలో వచ్చినది. ఆసుపత్రులలో పడకలు లేవు. ప్రాణవాయువునకు కొరత యేర్పడినది. ప్రతి ఇంటను భయము. అట్టి వేళ నెల్లూరు తీరమునందలి కృష్ణపట్టణములో ఆనందయ్య అను నాటువైద్యుడు మూలికలతో మందు చేసి ఉచితముగా పంచుచుండెను. మొదట చుట్టుప్రక్కల పల్లెలవారు వచ్చిరి. పిదప ఆ వార్త సెల్‌ఫోనుల కెక్కినది.

ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు ఊపిరి అందని స్థితిలో వచ్చి, కంటిలో చుక్కలు వేయించుకొనిన కొద్దిసేపటికే తేరుకొంటినని చెప్పిన దృశ్యము యూట్యూబునను, వాట్సాప్‌నను వ్యాపించెను. చూచినవారు మరి పదిమందికి పంపిరి. మే 21వ తేదీనాటికి వేలాది జనము ఆ చిన్న ఊరిని ముంచెత్తిరి. రోగులను తెచ్చిన అంబులెన్సులు బారులుతీరినవి. ఎడమెడముగా ఉండవలసిన కాలమున జనులు ఒకరినొకరు రాచుకొనుచు నిలిచిరి. జనసమ్మర్దము మితిమీరుటచే పంపిణీని నిలిపివేయవలసి వచ్చినది.

ప్రభుత్వము ఆ మందును ఆయుష్ శాఖవారిచేతను, ఆయుర్వేద పరిశోధకులచేతను పరీక్షింపజేసెను. మే 31న కంటిచుక్కలు తప్ప తక్కిన మందులకు అనుమతినిచ్చెను. వానివలన హాని కనబడలేదని మాత్రమే ఆ నిర్ణయమునకు ఆధారము. అవి వ్యాధిని నయముచేయునని రుజువైనట్లు కాదు. రోగులు వైద్యులిచ్చిన మందులను మానరాదనియు ప్రభుత్వము హెచ్చరించెను. ఆ దృశ్యమునందు తేరుకొంటినని చెప్పిన ప్రధానోపాధ్యాయుడు పిదప స్థితి విషమించి నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో చేరి, ఆ మాసాంతముననే కన్నుమూసెను.

ఈ వృత్తాంతమున ఎవరిని నిందించుటయు తగదు. మందు పంచినవాడు ధనమాశింపలేదు. దృశ్యమున మాటాడినవాడు ఆ క్షణమున తనకు తోచినదే చెప్పెను. దానిని ఇతరులకు పంపినవారిలో పలువురు ఒక ప్రాణము నిలుచునేమోయను కరుణతోనే పంపిరి. సదుద్దేశము లేనివారు అరుదు. ఐనను జరిగినదేమి? ఒక మనుష్యుని ఒక్క క్షణపు అనుభవము లక్షలమందికి ప్రమాణమైపోయినది. తేరుకొంటినన్న మాట నడచినంత దూరము, అతడు చనిపోయెనన్న మాట నడువలేదు. ఆశ రెక్కలు కట్టుకొని పోయినది. నిజము కాలినడకన బయలుదేరినది. నడుమనున్న సమయమున ఎందరు ఆసుపత్రికి పోవలసినవారు కృష్ణపట్టణపు దారిపట్టిరో లెక్కించినవారు లేరు.

భయమువలన నడచిన మాటలు ఇంతకంటె క్రూరమైనవి. 2018 వేసవిలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు వాట్సాప్‌లో వ్యాపించి, తెలుగునాట పలుచోట్ల అమాయకులైన అపరిచితులపై దాడులు జరిగినవి, ప్రాణములును పోయినవి. దేశమున ఇతర ప్రాంతములలోను ఇట్లే జరిగినది. తమ బిడ్డలను కాపాడుకొనవలెనను తలంపుతో మనుష్యులు మరియొక తల్లి బిడ్డను చంపిరి. ఆ ఏటి జూలైలో ఆ సంస్థ మనదేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపుటకు వీలులేకుండ చేసెను. 2020 ఏప్రిల్‌లో, పలుమార్లు చేతులు మారిన సందేశమును ఒకసారికి ఒక్క చోటికే పంపవలెనని కట్టడి చేసెను. యంత్రమునకు యంత్రము వేసిన ఈ కళ్లెము మంచిదే. మనుష్యుడు తనకు తాను వేసికొనవలసిన కళ్లెము వేరు.

హనుమంతుడు చూపిన దూతలక్షణములు

ఆ కళ్లెమెట్టిదో సుందరకాండ చెప్పుచున్నది. అశోకవనమున శింశుపావృక్షముపై కూర్చున్న హనుమంతుడు సీతాదేవిని చూచినవెంటనే నోరు తెరవలేదు. చాలసేపు ఆలోచించెను. తాను పండితునివలె సంస్కృతమున పలికినచో ఆమె తనను మాయారావణుడని భ్రమించి భయపడునేమో. కావున సామాన్యమానవులు పలుకు రీతిని పలుకవలెనని నిశ్చయించుకొనెను. తామే పండితులమని తలచు దూతలు కార్యమును చెరచుదురని కూడ ఆ సందర్భముననే తనలో తాననుకొనెను. పలుకుటకు ముందు వినువారి మనఃస్థితిని తలచుట మొదటి లక్షణము. రోగి యున్న ఇంటికి మరణవార్తల చిత్రములను, దుఃఖములోనున్నవానికి పరిహాసములను పంపువారు ఈ లక్షణమును మరచినవారు.

రెండవది ఆధారము. హనుమంతుడు రామకథను చెప్పి ఊరకుండలేదు, రామనామాంకితమైన అంగుళీయకమునిచ్చెను. తిరిగిపోవునపుడు చూడామణిని, రామునికిని సీతకును మాత్రమే తెలిసిన కాకాసుర వృత్తాంతమును ఆనవాలుగా గైకొనెను. అంతటి భక్తుడే తన మాటను నమ్ముడని ఊరక అడుగలేదు. ఇక పేరులేని సందేశమును, ఎవరు తీసిరో, ఎన్నడు తీసిరో తెలియని దృశ్యమును ఏ ముద్రికను చూచి నమ్ముట? నేడు కృత్రిమమేధ సాయమున ఒకరి ముఖమును, కంఠస్వరమును అచ్చముగా కల్పించుట సాధ్యమైనది. మారీచుడు శ్రీరామునివలె “హా సీతా, హా లక్ష్మణా” యని అరచిన ఒక్క కేక ఎంతటి అనర్థమునకు దారితీసినదో భక్తులెరుగుదురు. కంఠస్వరము వినబడినంతమాత్రమున మాట ఆ మనుష్యునిది కాదు. తిరుమల తిరుపతి దేవస్థానము పేరిట నకిలీ వెబ్‌సైట్లు వెలసి యాత్రికులను మోసగించుచున్నవని దేవస్థానమే పలుమార్లు హెచ్చరించినది. సేవాటికెట్లకు, వసతికి ధనము చెల్లించుటకు ముందు ముద్రికను పరీక్షించుట ప్రతి యాత్రికుని విధి.

మూడవది స్వయముగా చూచుట. మహేంద్రగిరిపై ఎదురుచూచుచున్న వానరులకు హనుమంతుడు మొట్టమొదట చెప్పినది సీతను తాను చూచితినన్న మాటయే. “చూచితిని” అను పదమును ముందు నిలిపి, వారి ఆందోళనను ముందుగా తొలగించి, పిదప తక్కిన కథను చెప్పెనని పెద్దలు ఆ ఘట్టమును కొనియాడుదురు. తాను చూచినది, తాను విన్నది, తాను ఊహించినది అను మూడింటి భేదము దూతకు తెలియవలెను. విన్నదానిని చూచినట్లు చెప్పుటయే నేటి సందేశములలోని ప్రధానదోషము.

నాలుగవది సంపూర్ణత. ద్రోణపర్వమున ధర్మరాజు అశ్వత్థామ మరణించెనని గట్టిగాపలికి, ఏనుగను మాటను వినబడనట్లు పలికెను. అంతవరకు నేలకు నాలుగంగుళముల యెత్తున నడచిన ఆ మహాత్ముని రథము నేలను తాకెను. ఆయన పలికిన పదములలో అసత్యమైన పదమొక్కటియు లేదు. ఒక పదమును తగ్గించి వినిపించుటయే దోషమైనది. ఒక గంట ఉపన్యాసమునుండి అరనిమిషమును కత్తిరించి పంపువారు, ముందు వెనుకలు తీసివేసి ఒక్క వాక్యమును చిత్రముగా చేసి వ్యాపింపజేయువారు ఈ కథను మననము చేయవలెను. ధర్మరాజు రథమునకే తప్పనిది తక్కినవారికి తప్పునా?

శ్రవణమే మొదటిది

శ్రీమద్భాగవతమున ప్రహ్లాదుడు తండ్రికి నవవిధభక్తులను చెప్పినపుడు శ్రవణమును మొదట, కీర్తనమును పిదప నిలిపెను. వినుట ముందు, పలుకుట తరువాత. ఈ క్రమమున ఒక రహస్యమున్నది. వినని నోట పలుకు పండదు. పరీక్షిన్మహారాజు ఏడుదినములు గంగాతీరమున కూర్చుండి శుకమహర్షి చెప్పగా విని తరించెను. ఆయన మధ్యలో లేచి మరియొక కథను వెదకలేదు.

నూతన సాధనములు ప్రతివానిని వక్తగా చేసినవి. ఇది ఒక విధమున మేలే. పూర్వము పత్రికలో మాట వ్రాయుటకు వీలులేని పల్లెవాసి నేడు తన ఊరి చెరువు కట్ట తెగినదని తానే లోకమునకు చూపగలడు. 2021 నవంబరున పెన్నకు వరదవచ్చి పడుగుపాడుకడ రైలుమార్గము కొట్టుకొనిపోయినపుడును, కోవూరు చెంత జాతీయరహదారి తెగినపుడును ఆ దృశ్యములు క్షణములలో ఎల్లరకు తెలిసి ప్రయాణికులు జాగ్రత్తపడిరి. కాని అందరును వక్తలైనచోట శ్రోత కరవగుచున్నాడు. ఇంటిలో నలుగురు కూర్చుండియుందురు. నాలుగు తెరలు వెలుగుచుండును. తాతగారు తన బాల్యమున కాలినడకన తిరుమలకు పోయిన కథ మొదలుపెట్టును. వినువారు లేక నడుమనే ఆగిపోవును. ఆ కథ ఏ యంత్రమునందును నిక్షిప్తమై లేదు. అది ఆయనతోనే పోవును. ఆ ఇంటికి కలిగిన నష్టమును తెలిపెడి సందేశమేదియు ఎవరి ఫోనునకును రాదు.

గృహస్థునకు నియమములు

గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున శరీరము, వాక్కు, మనస్సు అను మూడింటికి మూడు తపస్సులను చెప్పెను. అందు వాక్తపస్సనగా ఇతరులకు ఉద్వేగము కలిగింపనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనదియగు పలుకును పలుకుట; వేదాధ్యయనమును అభ్యసించుట. తపస్సునకు అడవులకు పోనక్కరలేదని దీనివలన తెలియుచున్నది. ఫోను చేతబట్టినవానికి దినమునకు నూరుమార్లు ఆ తపస్సు చేయు అవకాశము కలుగుచున్నది.

దీనిని ఆచరణలో పెట్టుట కష్టము కాదు. సందేశమొకటి వచ్చినపుడు గృహస్థుడు దానిని పంపుటకు ముందు తననుతాను ప్రశ్నించుకొనవలెను. దీనిని మొదట చెప్పినదెవరు? దీనికి ముద్రిక ఏది? ఇది చేరినచోట భయమును, ద్వేషమును రేపునా, మేలు చేయునా? ఈ మూడింటికి సమాధానము లేని మాట తనవద్దనే నిలిచిపోవుట మేలు. వైద్యమును గూర్చినదైనచో వైద్యుని, తుపానును గూర్చినదైనచో వాతావరణశాఖను, దర్శనమును గూర్చినదైనచో దేవస్థానమును అడుగవలెను. పొరపాటున అసత్యమును పంపినచో, పంపిన ప్రతిచోటికిని మరల పోయి అది తప్పని తెలుపవలెను. తప్పును పంపుట మానవసహజము. దానిని వెనుకకు తీసికొనుటకు సిగ్గుపడుట ధర్మహాని.

సంధ్యాదీపము వెలిగించువేళ ఒక్క గంటసేపు ఇంటిలోని ఫోనులన్నియు ఒకచోట నుంచి, అందరును కలిసి కూర్చుండి నామసంకీర్తనమో, పురాణశ్రవణమో చేసికొనినచో ఆ ఇంట శ్రవణభక్తి నిలుచును. పెద్దలు ఈ నియమమును తాము పాటించి పిదప పిల్లలకు చెప్పవలెను. ఫోను చూచుచు పిల్లలను ఫోను చూడవలదను తండ్రి మాట ఏ బిడ్డ చెవికిని ఎక్కదు. ఆలయమున సన్నిధికి పోవునపుడు చిత్రము తీయవలెనను తలంపును వదలి, కన్నులారా స్వామిని చూచుట మరియొక నియమము. స్వామి అచ్చట నిలిచియుండగా యంత్రపు తెరలో ఆయనను వెదకుట ఏమి భాగ్యము?

శ్రీహరికోటనుండి ఎగసిన ఉపగ్రహము వేల మైళ్ల యెత్తున తిరుగుచు మనుష్యుని మాటను భూమి అంచులవరకు మోయుచున్నది. ఆ మాట ఏదియైనను అది మోయును. దాని భారము దానికి తెలియదు, పలికినవానికి తెలియవలెను. హనుమంతుడు సముద్రమును దాటునపుడు ఆయన నోట రామనామము, చేత రామముద్రిక ఉన్నవి. అందుచేతనే ఆ దౌత్యము లోకకల్యాణమునకు కారణమైనది. అరచేతిలోని దూతను పంపు ప్రతి గృహస్థుని నోట సత్యమును, చేత ముద్రికను ఉండునట్లు పెన్నాతీరమున పవళించిన శ్రీ రంగనాథుడును, సప్తగిరులపై నిలిచిన శ్రీ వేంకటేశ్వరుడును అనుగ్రహింతురుగాక.